మూడోసారి తిరిగొచ్చిన కారు

"లీకు చూడకుండా గ్యాస్ కొట్టం మేడమ్."

ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట ఇది. ఇంతకంటే తియ్యగా మొదలుపెట్టినవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళెవరూ నాలాగా కార్ల ఏసీలు బాగుచేసి బతికేవాళ్ళు అయివుండరు.

అప్పుడు మధ్యాహ్నం రెండు. షాపు రేకుల కింద ఫ్యాను వేడి గాలినే అటు తిప్పి ఇటు తిప్పి మా నెత్తిన పోస్తోంది. ఆమె తెల్ల కారు దిగి, కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ నా ఎదురుగా నిలబడి ఉంది. ముఖం కందిపోయింది. ఎండకో, నా మాటకో తెలీదు.

"గ్యాస్ అయిపోయింది, కొట్టండి అంటున్నాను. అంతేగా మీ పని?"

"అయిపోదండీ. ఏసీ గ్యాస్ పెట్రోల్ కాదు, వాడితే తరిగిపోవడానికి. తగ్గిందీ అంటే ఎక్కడో కారుతున్నట్టే. కారేది చూడకుండా కొడితే చిల్లు బిందెలో నీళ్ళు పోసినట్టు."

"నాకు నాలుగింటికి పేషెంటు ఉంది."

"మీరు డాక్టరా?"

"ఫిజియోథెరపిస్టుని. ఇళ్ళకి వెళ్ళి మీలాంటివాళ్ళ నడుములు సరిచేస్తుంటాను. అలా నడుం విరిచి వంగకండి. పదేళ్ళలో నా దగ్గరికే వస్తారు."

బానెట్ కింద వంగి ఉన్నవాణ్ణి చటుక్కున లేచాను. బానెట్ తలకి ఠంగున తగిలింది. ఆమె నవ్వింది. నేను కోపంగా చూద్దామనుకున్నాను గానీ కుదరలేదు.

లీకు ముప్పావుగంటలో దొరికింది. ముందు వైపు జాలీలా ఉండే కండెన్సర్ దగ్గర, పైపు కలిసేచోట రబ్బరు రింగు ఎండిపోయి పగిలింది. అది మార్చి, లోపల గాలి లాగేసి, అరగంట ఆపి చూసి, అప్పుడు గ్యాస్ కొట్టాను. ఆమె పేషెంటుకి ఫోన్ చేసి గంట ఆలస్యమవుతుందని చెప్పి, నా పక్కనే నిలబడి ప్రతిదానికీ "ఇదేంటి?" అని అడిగింది. అడిగేవాళ్ళుంటే నాకు ఒళ్ళు తెలీదు. కంప్రెసర్ ఏమిటో, చల్లదనం ఎక్కడ పుడుతుందో చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాను.

"ఈ చిన్న మూత?"

"గ్యాస్ ఎక్కించేది అక్కణ్ణుంచే. మూత తీస్తే లోపల సూదంత వాల్వ్ ఉంటుంది. దాన్ని నొక్కితే ఉన్న గ్యాసంతా బుస్సున పోతుంది. ముట్టుకోకూడదు."

"ముట్టుకోను ప్రొఫెసర్ గారూ" అంది చేతులు కట్టుకుని.

ఆ పిలుపు వారం రోజులు చెవుల్లో తిరిగింది.

మా షాపు రూలు ఒకటి ఇక్కడ చెప్పాలి. ఏసీ పని చేసేవాడికి గేజీలు ఉంటాయి. గ్యాస్ ఒత్తిడి చూపించే గడియారం ముఖాల్లాంటివి రెండు, ఎర్రదొకటి, నీలందొకటి, వాటికి రబ్బరు పైపులు. డాక్టరుకి మెళ్ళో గొట్టం ఎలాగో మాకవి అలాగ. మా మేస్త్రి దగ్గర ఎవడు చేసిన బండి అయినా అదే జబ్బుతో మూడుసార్లు తిరిగొచ్చిందంటే, వాడు గేజీలు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టెయ్యాలి. తిట్లుండవు, వాదనలుండవు. ఆ రోజు నుంచి ఆరు నెలలు కండెన్సర్లు కడగడం, ఫిల్టర్లు దులపడం. ఆయన ఈ రూలు అందరికంటే ముందు తన మీదే పెట్టుకున్నారట. వయసులో ఉన్నప్పుడు ఒకసారి తన గేజీలు తానే దించి ఆరు నెలలు కండెన్సర్లు కడిగారట.

నాకు ఎనిమిదేళ్ళలో ఒక్క బండి తిరిగి రాలేదు. మేస్త్రికి మోకాళ్ళు పనిచెయ్యడం మానేశాయి. "దసరా నుంచి ఏసీ బెంచీ నీదేరా, నా చోట్లో నువ్వే" అని ఆ వారమే అన్నారు. ఇంటికెళ్ళి అక్కకి చెబితే, అక్క బావతో చెప్పి, బావ వీధిలో అందరికీ చెప్పాడు. నేను ఆ మాట పట్టుకుని ఎంత ఎత్తున నడిచానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పదకొండో రోజున తెల్ల కారు గేటు దగ్గర ఆగింది.

"ప్రొఫెసర్ గారూ, మళ్ళీ వేడి గాలే వస్తోంది!"

ఆమె ముఖం చూడగానే గుండె గంతేసింది. ఆ మాట వినగానే అదే గుండె జారిపోయింది. గేజీలు పెట్టి చూస్తే ముల్లు సగం కూడా లేవలేదు. గ్యాస్ పోయింది.

సబ్బునీళ్ళు పూశాను. బుడగ లేదు. లీకు పసిగట్టే మిషను తెచ్చి పైపు పైపుకీ తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు. లీకైన చోట ఆకుపచ్చగా మెరిసే రంగు లోపలికి ఎక్కించి, నీలం లైటు వేసి, కారు కింద దూరి చూశాను. ఎక్కడా చుక్క లేదు. మేస్త్రి తన బల్ల దగ్గర్నుంచి చూస్తున్నారు. నా పక్కన పనిచేసే పొడుగాడు "ఒకటి" అన్నాడు. వాడిది కుళ్ళు కాదు. మా షాపులో లెక్క పైకే చెబుతారు.

"దొరకలేదా?" ఆమె గొంతు మెత్తగా ఉంది.

"దొరుకుతుంది."

"పరవాలేదులెండి, తొందరేం లేదు. నేనిక్కడ కూర్చుంటాను. మీ టీ ఎవరు పెడతారు? బావుంటుందా?"

నేను మళ్ళీ కారు కిందకి దూరాను. ఆమె రెండు టీలు తెప్పించి ఒకటి నా పక్కన టూల్ డబ్బా మీద పెట్టింది. అది తాగకుండానే చల్లారిపోయింది.

అనుమానం ఉన్న రింగులన్నీ మార్చి పంపాను. ఆ రాత్రి నిద్రపోలేదు. ఇంట్లో వంటగ్యాస్ రెగ్యులేటర్ మూడుసార్లు కట్టేసి చూశాను. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమైందిరా నీకు?" అంది.

"ఏం లేదక్కా. వాసన వచ్చినట్టనిపించింది."

"నాకు రాలేదే!"

"నా ముక్కు కూడా పోయిందేమో" అన్నాను. అక్క ముక్కున వేలేసుకుంది.

రెండోసారి తిరిగొచ్చిన రోజు వాన.

మామూలు వాన కాదు. రేకుల మీద పడుతుంటే పక్కనున్నవాడి మాట వినబడదు. ఆ వానలో తెల్ల కారు తడుస్తూ వచ్చి షెడ్డులోకి దూరింది. అద్దం లోపలంతా ఆవిరి పట్టేసింది. ఆమె చేత్తో తుడిచిన చిన్న గుండ్రంలోంచి ఆమె కళ్ళు రెండూ కనిపించాయి. ఎవడైనా ఆ కళ్ళు చూసి నాలుగు లైన్లు రాసుకుంటాడు. నాకు మాత్రం ఆవిరి పట్టిందంటే ఏసీ ఆడట్లేదన్న సంగతే అర్థమైంది.

"వానలో ఏసీ ఎందుకండీ?" అన్నాను, ఆశగా. అవసరం లేదనేస్తే బావుండునని.

"అద్దం కనపడట్లేదు కదా. మీరే చెప్పారుగా మొన్న, తడి లాగేసేది ఏసీయేనని. మీ పాఠం మీరే మర్చిపోతే ఎలా?"

"రెండు" అన్నాడు పొడుగాడు.

గ్యాస్ ఎక్కించే వాల్వ్ మార్చేశాను. నత్రజని పెట్టి ఒత్తిడి నింపి రెండు గంటలు ఆపాను. ముల్లు రాయిలాగా నిలబడింది. లీకు లేదు. లీకు లేని కారులో గ్యాస్ లేదు. నా ఎనిమిదేళ్ళ చదువులో ఈ ప్రశ్నకి జవాబు లేదు.

చివరికి గ్యాస్ కొట్టి, లోపల చల్లదనం కొలవడానికి ఇద్దరం కారులో కూర్చున్నాం. గాలి వచ్చేచోట థర్మామీటరు పెట్టాను. బయట వాన, లోపల చల్లని గాలి, పక్కన ఆమె. మోచెయ్యి మోచేతికి తగిలింది. ఆమె తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు. నిజం చెప్పాలంటే అది అక్కడుందన్న ధ్యాసే నాకు లేదు.

"మీరెప్పుడూ ఇంత తక్కువ మాట్లాడతారా? మొదటి రోజు గుక్క తిప్పుకోలేదు!"

"అదీ... ఏం లేదండీ."

"మీ చెయ్యి వణుకుతోంది."

"చలి."

"పన్నెండు డిగ్రీలకే?" ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "ప్రొఫెసర్ గారూ, నేనేం కొరుక్కుతినను. ఒకసారి ఇటు చూడొచ్చు."

చూడలేకపోయాను. చూస్తే ఏడుపొస్తుందని భయం. ఆమె అంటే ఇష్టం ఒక పక్కన, ఆమె కారంటే చావుభయం ఇంకో పక్కన. కారు రాకూడదని మొక్కుకుంటే ఆమె కూడా రాదు. ఇలాంటి ఇరుకులో పడ్డవాడు దేవుణ్ణి ఏమని అడగాలో నాకు తెలీలేదు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి బండినీ నేను రెండుసార్లు చూడటం మొదలుపెట్టాను. గంట పనికి మూడు గంటలు పట్టేది. బిగించిన నట్టు మళ్ళీ విప్పి బిగించేవాణ్ణి. బాగున్న కంప్రెసర్ చప్పుడులో కూడా ఏదో తేడా వినపడేది. ఒకరోజు మేస్త్రి కుంటుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఒరేయ్, రెండు రోజులు ఇంట్లో ఉండరాదా?" అన్నారు. ఆయన అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చేతిలో పనితనం పోయినవాడితోనే అలా మాట్లాడతారు. నా చెయ్యి పోయిందని నాకు ఆ రోజు రూఢి అయింది.

అక్క, బావ చెవిలో వేసింది. బావ మందుల గోడౌన్‌లో స్టోర్‌కీపరు ఉద్యోగం ఖాళీ ఉందన్నాడు. "ఏసీలో కూర్చునే పనిరా. కార్ల కింద పడుకునే పని ఎన్నాళ్ళు చేస్తావు?" బావ మంచికే అన్నాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ వాన రోజు నుంచి పందొమ్మిది రోజులు గడిచాయి. ఇక రాదనుకున్నాను. ఇరవయ్యో రోజు వచ్చింది.

ఈసారి కారు వెనక సీట్లోంచి ఒక పెద్దావిడ దిగింది. బిగించిన ముడి, ముక్కు మీద కళ్ళద్దాలు, చేతిలో మడిచిన పేపరు. ఆమె తల్లి. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ అని చెప్పక్కర్లేదు, దిగిన తీరులోనే తెలిసిపోయింది.

"ఎవరు ఇక్కడ ఏసీ బాగుచేసింది?"

"నేనేనండీ."

"నువ్వా? రెండు నెలల్లో మూడుసార్లు! రెండు గంటలు ఎండలో ఉడికిపోయాను బాబూ. చేతకాకపోతే చేతకాదని చెప్పు, ఇంకో చోటికి పోతాం. చదువు రాకపోతే పరీక్ష తప్పొచ్చు, తప్పులేదు. వచ్చినట్టు నటించకూడదు."

షాపంతా పని ఆపేసి చూస్తోంది. పొడుగాడు నోరు తెరిచాడు గానీ "మూడు" అనలేదు. వాడి మంచితనానికి ఇప్పటికీ నా దణ్ణం.

"అమ్మా, ఊరుకో" అంది ఆమె వెనక నుంచి. "నువ్వు ఈ రోజు నాతో వస్తావని నేననుకోలేదు" అని గొణిగింది. నాకు తాళం అందించడానికి చెయ్యి చాపింది.

అప్పుడు చూశాను. ఎడం చేతి చూపుడు వేలి కొస. బొబ్బ. ఎర్రగా లేదు, పాలిపోయిన తెలుపు. చుట్టూ సన్నటి ఎర్రగీత.

నిప్పుకి కాలిన వేలు అలా ఉండదు. ఇస్త్రీ పెట్టెకి కాలిన వేలు అలా ఉండదు. ఆ బొబ్బ లోకంలో ఎవరు చూసినా ఏదో దెబ్బ అనుకుంటారు. మా షాపులో ఎవడు చూసినా రెండో ఆలోచన లేకుండా చెబుతాడు. బుస్సున వచ్చే గ్యాస్‌కి వేలు అడ్డం పెడితే, ఆ చలికి చర్మం కాలి అయ్యే బొబ్బ అది. మా అందరి వేళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు అయిందే.

మూత తీసింది. వాల్వ్ నొక్కింది. మూడుసార్లూ.

ముందు ఒళ్ళంతా తేలికైంది. నా చేతులు పోలేదు. లీకు దొరక్కపోవడానికి కారణం లీకు లేకపోవడమే. ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ఎందుకు చేసింది? మొదటి రోజు గ్యాస్ కొట్టనన్నందుకా? నా వణుకు చూసి నవ్వుకోవడానికా? ప్రేమ అన్న మాట మాత్రం నా బుర్రకి తట్టలేదు. నెలన్నరగా నన్ను నేనే పనికిరానివాడినని తిట్టుకుంటున్నవాడికి అలాంటి మాటలు తట్టవు.

"లీకు దొరికిందా?" అడిగారు మేస్త్రి. లేచి నా దాకా వచ్చారు.

ఆమె నన్నే చూస్తోంది. తల్లి ఆమె పక్కనే ఉంది. ఒక్క మాట చాలు. ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తి చూపిస్తే చాలు, బెంచీ నాది, పరువు నాది. ఆమె అందరి ముందు, కన్నతల్లి ముందు తల దించుకుంటుంది.

కక్కలేక మింగలేక నిలబడ్డాను.

"దొరకలేదు మేస్త్రీ" అన్నాను. "నాకు తెలీట్లేదు."

గేజీలు తీసి, పైపులు చుట్టి, ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన వాటివైపు చూడలేదు. వెనక్కి వెళ్ళి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆ కారుకి పొడుగాడు గ్యాస్ కొట్టాడు. నేను వెనక గేటు నుంచి వెళ్ళిపోయాను.

కండెన్సర్లు కడగొచ్చు. రూలు అదే. కానీ రోజూ గేటు వైపు చూస్తూ, తెల్ల కారు వస్తుందేమోనని బిక్కుబిక్కుమంటూ కడగడం నావల్ల కాలేదు. మర్నాడే మందుల గోడౌన్‌లో చేరాను. అట్టపెట్టెల మధ్య కుర్చీ, తల మీద ఏసీ. ఆ ఏసీ నీళ్ళు కారుతోంది. నేను దాని కింద బక్కెట్ పెట్టాను. బాగుచెయ్యాలని మాత్రం అనిపించలేదు. ఎనిమిదేళ్ళు దేన్ని చూసినా విప్పి చూడాలనిపించినవాడికి అలా అనిపించకపోవడం ఎంత భయంగా ఉంటుందో చెప్పలేను.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం ఆమె గోడౌన్ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"షాపుకి రెండుసార్లు వెళ్ళాను" అంది. "మీరు లేరు. మేస్త్రి గారు చెప్పలేదు. పొడుగాయన్ని బతిమాలితే... రూలు సంగతి చెప్పారు."

నేను పెట్టెల మీద నంబర్లు రాస్తూనే ఉన్నాను.

"నాకు తెలీదండీ. ఒట్టు. మూడుసార్లకి ఇలా ఉంటుందని నాకు తెలీదు. ఆ గ్యాస్... అది లీకు కాదు. నేనే..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మీ వేలు చూశాను. ఆ రోజే."

ఆమె గోడకి ఆనుకుంది. ఏసీ నీళ్ళు బక్కెట్లో పడుతున్న చప్పుడు మాత్రం వినపడింది.

"మరి చెప్పలేదేం? నాలుగు తిట్టలేదేం?"

"మీ అమ్మగారి ముందా?"

ఆమెకి ఏడుపొచ్చింది. నాకు జాలి వేసింది, ఆ జాలి మీద కోపమొచ్చింది.

"ఎందుకు చేశారు?"

"మళ్ళీ చూడాలనిపించింది మిమ్మల్ని. ఏం చెప్పుకుని రావాలో తెలీలేదు. హెయిర్‌పిన్నుతో నొక్కితే రెండు నిమిషాల్లో పోయింది. ఇంత తేలికా అనుకున్నాను."

"ఫోన్ చెయ్యొచ్చుగా. బిల్లు మీద నంబరుంది."

"నాలుగుసార్లు చేశాను. మేస్త్రి గారు ఎత్తి 'హలో! ఏం బండి!' అని అరుస్తారు. భయమేసి పెట్టేశాను."

నవ్వాల్సిన మాటే. ఇంకో జన్మలో అయితే పడిపడి నవ్వేవాణ్ణి.

"అన్నిసార్లు వచ్చారు. నా ముఖం ఒక్కసారైనా చూశారా?"

"చూడటానికే కదా వచ్చింది."

"ఏం కనపడింది?"

"తడబడేవారు. కళ్ళెత్తేవారు కాదు. చెయ్యి వణికేది. నేనంటే..." ఆగింది. "సిగ్గుపడుతున్నారనుకున్నాను."

"నేను చచ్చిపోతున్నానండీ. మీరు సిగ్గనుకున్నారు."

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ళ మధ్య నుంచే మాట్లాడింది. "రోజూ ఎనిమిదిమందికి చెయ్యి వేసి ఎక్కడ నొప్పో చెబుతాను. అదే నా పని. మీది మాత్రం చూడలేకపోయాను. నాకు కావాల్సిందే చూసుకున్నాను. మీరంటే నాకు ప్రాణం. ఇప్పుడా మాట చెప్పడానికి కూడా మొహం లేదు."

ఆ మొదటి వారంలో ఈ మాట విని ఉంటే షాపు రేకులు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి. ఇప్పుడు నాకు కావాల్సిన మాటే వచ్చి ఎదురుగా నిలబడితే, దాన్ని అందుకోవడానికి నాలో ఎవరూ లేరు. ఆమె అంటే ఇష్టం పోలేదు. అదే పెద్ద బాధ.

"వెళ్ళండి" అన్నాను.

వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత మేస్త్రి ఫోన్ చేశారు. "ఒరేయ్, రేపు పదింటికి రా. పని బట్టలు వేసుకుని రా." నేను నీళ్ళు నములుతుండగానే పెట్టేశారు.

వెళ్ళేసరికి మేస్త్రి బల్ల ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో ఆమె, ఒకదాంట్లో హెడ్‌మిస్ట్రెస్ గారు. ముందురోజే ఆమె వచ్చి ఆయనకి సంగతి చెప్పిందనీ, తల్లిని తీసుకొస్తానన్నదీ ఆమేననీ నాకు తర్వాత తెలిసింది.

"ఇప్పుడు చెప్పు" అన్నారు మేస్త్రి. "ఆ కారులో లీకు ఎక్కడ?"

"లేదు మేస్త్రీ. వాల్వ్ నొక్కితే పోయింది."

"నొక్కిందెవరు?"

నేను చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాను.

"నేనే" అని ఆమె లేచి నిలబడింది. షాపంతా వినబడేలా అంది. "మూడుసార్లూ నేనే నొక్కాను. ఈయన తప్పేం లేదు."

"ఏమిటే?" తల్లి కళ్ళద్దాలు సర్దుకుంది. "ఎందుకు నొక్కావు?"

"ఈయన్ని చూడటానికమ్మా."

ఎవడి చేతిలోంచో స్పానర్ జారి కింద పడింది. హెడ్‌మిస్ట్రెస్ గారు కూతురి ముఖం చూసి, నా ముఖం చూసి, మళ్ళీ కూతురి ముఖం చూసింది. "అంటే నన్ను రెండు గంటలు ఎండలో ఉడకబెట్టింది ఇందుకా!" అంది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వించాలని అనలేదు. కాసేపటికి లేచి నా ముందుకి వచ్చింది.

"బాబూ, ఆ రోజు నిన్ను అందరి ముందూ అన్నాను. అందరి ముందే చెబుతున్నాను. తప్పు నాది. నా పిల్లది మాత్రం నాకంటే పెద్ద తప్పు చేసింది. దానికి క్షమాపణ నేను అడగను. అదే అడుక్కోవాలి. మీ ఇద్దరి సంగతి మీరు చూసుకోండి. నేను అడ్డం రాను." ఆవిడ వెళ్ళి కారులో కూర్చుంది.

నేను మేస్త్రి వైపు తిరిగాను. ఆయన గేజీలు ఇస్తారని నా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళింది.

"ఇవ్వను" అన్నారు. "మూడుసార్ల లెక్క కొట్టేశాను. అది నీ తప్పు కాదు. కానీ లీకు ఏమిటో తెలిసీ, తెలీదని నా కళ్ళలోకి చూసి చెప్పావు. ఎనిమిదేళ్ళు నా పక్కన ఉండి! ఈ మూడు వారాలూ నీకు నేర్పినదాంట్లో నేనెక్కడ తప్పానా అని కూర్చుని ఏడ్చాను రా. దానికి ఆరు నెలలు. బెంచీ పొడుగాడికి ఇచ్చేశాను. ఇచ్చింది వెనక్కి తీసుకోను. ఉంటే ఉండు, పోతే పో."

ఆయన కూడా ఏడ్చారని అప్పటిదాకా నాకు తెలీదు. ఆమె పరువు కాపాడానని లోలోపల గొప్పగానే ఉండేది. ఆ గొప్ప కాస్తా కారిపోయింది. ఒకరి బాధ దాచబోయి ఇంకొకరి గుండెలో దింపాను. ఆమెని తప్పుపట్టడానికి నాకున్న చోటు ఇంకాస్త చిన్నదైంది.

"ఉంటాను" అన్నాను.

వెనక పంపు దగ్గర కండెన్సర్లు పేర్చి ఉన్నాయి. బ్రష్షు తీసుకుని మొదటిది కడగడం మొదలుపెట్టాను. బురద నీళ్ళు చెప్పుల మీదుగా పారుతున్నాయి. కాసేపటికి ఆమె వచ్చి కాస్త ఎడంగా నిలబడింది.

"అంతా నావల్లే" అంది. "బెంచీ కూడా పోయింది."

"పోయింది."

"నన్ను క్షమించమని అడగడం లేదు."

"మంచిది. నాకు కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో తెలీదు. చేతుల మీద నమ్మకం కూడా ఇంకా తిరిగి రాలేదు. రాత్రి లేచి ఇప్పటికీ వంటగ్యాస్ కట్టేసి ఉందో లేదో చూస్తున్నాను."

"తిరిగొచ్చేదాకా నేను రావచ్చా?"

"ఎందుకు? పొడుగాడు గ్యాస్ నింపాడుగా. ఏసీ బాగానే ఉందిగా."

"బాగానే ఉంది." ఆమె కళ్ళు దించలేదు. "ఊరికే వస్తాను."

బ్రష్షు ముంచి రెండో కండెన్సర్ అందుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆరింటికి వచ్చింది. బస్సు దిగి, ఆ దుమ్ములో నడుచుకుంటూ వచ్చింది. కారు తీసుకురాలేదు.